‘సృష్టికర్త’ గడిలో ఎవరి పేరు? క్యాసెట్ల సేకరణ మెటాడేటాపై ఒక కేస్ స్టడీ

ఈ కేసులో సంస్థ పేరు, ఊళ్ల పేర్లు, గాయకుల పేర్లు ఇవ్వడం లేదు. ఉదాహరణగా వచ్చే వ్యక్తి పేరును కూడా మార్చాను. అయితే అసలు పేరు రాతలో ఏ చిక్కు వచ్చిందో తెలియడం కోసం, అదే చిక్కున్న మరో పేరును ఎంచుకున్నాను.

నేపథ్యం

ఒక చిన్న ట్రస్టు నడుపుతున్న గ్రంథాలయంలో సుమారు రెండు వందల ఆడియో క్యాసెట్లు ఉన్నాయి. 1980ల తొలి సంవత్సరాల్లో కృష్ణా నది పరిసర గ్రామాల్లో తిరిగి, రైతు కుటుంబాల గోత్రాలూ వంశావళులూ చెప్పే గాయకుల కథలను రికార్డు చేసిన ఒక కళాశాల అధ్యాపకుడు, పదవీ విరమణ తరువాత ఆ క్యాసెట్లనూ మూడు నోటు పుస్తకాలనూ గ్రంథాలయానికి అప్పగించారు. ఆయన ఇప్పుడు లేరు. క్యాసెట్ల పెట్టెల మీద పెన్సిలు రాత సగం చెరిగిపోయింది. నోటు పుస్తకాల్లో రాత బాగానే ఉంది గానీ, ఏ పేజీ ఏ క్యాసెట్‌కు చెందినదో తేల్చుకోవడానికి ఆయన పెట్టుకున్న గుర్తులు ఆయనకే తెలుసు.

నన్ను పిలిచేనాటికి ఈ క్యాసెట్లు ఒకసారి డిజిటైజ్ అయ్యాయి. బయటి సంస్థ ఒకటి వాటిని ఎంపీ3 ఫైళ్లుగా మార్చి, పదిహేను నిలువు వరుసలున్న ఒక ఎక్సెల్ పట్టికతో సహా అప్పగించింది. ఆ పదిహేను నిలువు వరుసలూ డబ్లిన్ కోర్ అనే ప్రమాణంలోని మూలకాలే, అంటే శీర్షిక, సృష్టికర్త, తేదీ వంటి వివరాల గడులే. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డబ్లిన్ అనే ఊళ్లో జరిగిన సమావేశం నుంచి పుట్టిన ఈ ప్రమాణం ఎంత తేలికైనదంటే, మెటాడేటా, అంటే వస్తువు గురించిన వివరాలు, రాసే పని మొదలుపెట్టే ఏ చిన్న గ్రంథాలయమైనా మొదట దాన్నే అందుకుంటుంది. అందులో తప్పేమీ లేదు. గడులు నింపేటప్పుడు ఎవరిని మనసులో పెట్టుకుని నింపామన్నదే అసలు ప్రశ్న.

చిక్కు ఎలా బయటపడింది

ఒకే నెలలో ముగ్గురు మనుషులు గ్రంథాలయానికి వచ్చి ఖాళీ చేతులతో వెళ్లారు. మొదట వచ్చింది పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక అమ్మాయి. తాత గొంతు ఈ క్యాసెట్లలో ఉందని వాళ్ల ఇంట్లో చెప్పుకుంటారు. ఆమె కంప్యూటర్‌లో తాత పేరు తెలుగులో కొట్టి చూసింది, ఏమీ రాలేదు. రెండో వ్యక్తి విశ్వవిద్యాలయ పరిశోధకుడు. ఒక వీరగాథ ఏ ఊళ్లో ఎలా మారిందో పోల్చి చూడాలని వచ్చారు. ఆయనకు కనిపించినవి ‘ఫోక్ సాంగ్స్, టేప్ 41’ వంటి శీర్షికలు మాత్రమే. మూడో మనిషి శ్రీశైలం జలాశయం కింద మునిగిపోయిన ఊరికి చెందిన పెద్దాయన. 1981లో అక్కడి ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు ఆయన యువకుడు. తన ఊళ్లో రికార్డు చేసిన పాటేదైనా ఉంటే వినాలని వచ్చారు. ఆయన చెప్పిన ఊరు, తాలూకా కలిపి చూస్తే పట్టికలో ఒక్క వరుసా లేదు.

ఈ ముగ్గురూ వెతికినవన్నీ ఆ సేకరణలో ఉన్నాయని ఇప్పుడు తెలుసు. ట్రస్టు కార్యదర్శి మాత్రం దీన్ని సెర్చ్ లోపమనుకుని సాఫ్ట్‌వేర్ మార్చమని అడిగారు. రెండు రోజులు నేనూ ఆ దారిలోనే ఆలోచించాను. మూడో రోజు పట్టిక తెరిచి మొదటి ఇరవై వరుసలు చదివాక ఆ మాట వదిలేశాను.

‘సృష్టికర్త’ గడిలో అన్ని వరుసల్లోనూ అధ్యాపకుడి పేరే ఉంది. గాయకుల పేర్లు ‘వివరణ’ గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ ‘ఫలానా అండ్ పార్టీ’ అన్న తీరులో ఉన్నాయి. 3-4 అని రాసిన టేపు నంబరును ఎక్సెల్ తనంతట తానే ఏప్రిల్ నెల తేదీగా మార్చేసింది, ఎవరూ గమనించలేదు. తేదీ గడిలో వరుసగా 1980, 1980, 1980. స్థలం గడిలో చాలావరకు జిల్లా పేరే, అదీ ఇప్పుడు లేని పాత సరిహద్దుల జిల్లా.

డిజిటల్ భద్రతకు ఓఏఐఎస్ అనే నమూనా ఉంది, ఐఎస్ఓ 14721 దాని ప్రమాణ సంఖ్య. భద్రపరిచే సంస్థ ముందుగా తన ‘డిజిగ్నేటెడ్ కమ్యూనిటీ’ ఎవరో, అంటే దాచింది ఎవరికి అర్థం కావాలో తేల్చుకోవాలని అది చెబుతుంది. ట్రస్టు ప్రాజెక్టు పత్రంలో ఆ చోట ఒకే ఒక్క మాట ఉంది: ‘పరిశోధకులు’. ఆ మాట రాసిన మనిషి బహుశా ఒక నిమిషం కూడా ఆలోచించి ఉండరు. కానీ పట్టికలో భాష, పేర్ల వరుస, ఏది ముఖ్యం ఏది అనవసరం అన్న తీర్పు అంతా దాని నుంచే వచ్చింది. విచిత్రమేమిటంటే, ఆ పట్టిక పరిశోధకుడికి కూడా పనికిరాలేదు.

మొదటి నిర్ణయం: మళ్లీ డిజిటైజ్ చేయాలా?

ఇది నేను వేసుకోవాలనుకున్న ప్రశ్న కాదు. పాత క్యాసెట్ డెక్ ఒకటి బాగుచేయించి, అది పని చేస్తుందో లేదో చూడటానికి చేతికందిన క్యాసెట్ పెట్టాను. అది 17వ నంబరు. పాట మొదలవ్వక ముందు అధ్యాపకుడి గొంతు వినిపించింది: ‘మీ పేరు, మీ ఊరు చెప్పండి.’ దానికి ఒక ముసలి గొంతు, ‘నన్ను యెంకటయ్య అంటరు సారూ, మా నాయన కాడ్నే నేర్చిన’ అంది. వెనక ఎవరో తిత్తి శ్రుతి సరిచేసుకుంటున్నారు. ఒక పిల్లవాడు దగ్గాడు. అధ్యాపకుడు సంవత్సరం, మాసం చెప్పి, ‘ఇక కానివ్వండి’ అన్నారు. ఇదంతా దాదాపు నలభై సెకన్లు. అదే క్యాసెట్ ఎంపీ3 ఫైలు నేరుగా పాటతో మొదలవుతోంది. డిజిటైజ్ చేసినవాళ్లు శబ్దాన్ని ‘శుభ్రం’ చేసే క్రమంలో మొదట్లో, చివర్లో ఉన్న మాటలనూ నిశ్శబ్దాన్నీ కత్తిరించేశారు.

ఆ సంస్థను నేను పెద్దగా తప్పుపట్టను. వినేవాడికి పాట కావాలి, మాటలు అడ్డు, అని వారనుకున్నారు. అది కూడా వినియోగదారుడు ఎవరన్న ప్రశ్నకు, తెలియకుండానే ఇచ్చిన జవాబే. కానీ ఈ సేకరణలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడింటికీ అత్యంత నమ్మదగిన సాక్ష్యం ఆ నలభై సెకన్లే. పెట్టె మీది పెన్సిలు రాత, నోటు పుస్తకం, ఎక్సెల్ గడి, ఈ మూడూ దాని తరువాతివే.

అన్నింటినీ మళ్లీ చేయడమా, మొదటి రెండు నిమిషాలు మాత్రమే తీసి పాత ఫైళ్లకు చేర్చడమా అని చర్చ వచ్చింది. రెండోది చవక. అయితే టేపు మధ్యలో కూడా మాటలు ఉండవచ్చు, గాయకుడు ఆగి నీళ్లు తాగి ఒక పద్యానికి అర్థం చెప్పి ఉండవచ్చు, ఏవి కత్తిరించారో జాబితా లేదు. పైగా శబ్దంలో కొంత వదిలేసి కుదించే ఎంపీ3ని భద్రతా ప్రతిగా ఉంచడం ఎలాగూ సరికాదు. అందుకని శబ్ద, దృశ్య-శ్రవణ ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ ఇచ్చిన మార్గదర్శకాలను అనుసరించి, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా, రెండు వైపులా మొదటి నుంచి చివరి దాకా ఏమీ తీయకుండా మళ్లీ ఎక్కించాం. ఎనిమిది నెలలు పట్టింది. ప్రతి ఫైలుకూ, అది మారిందో లేదో తరువాత సరిచూసుకునే సంఖ్య, అంటే చెక్‌సమ్ తీసి, ఏ రోజు ఎవరు ఏ డెక్ మీద ఎక్కించారో రాసి, మూడు చోట్ల ప్రతులు పెట్టాం. ఇది అందరూ చేసేదే.

ఈ దశలో రెండు చిన్న దెబ్బలు తగిలాయి. బ్రాడ్‌కాస్ట్ వేవ్ ఫైలులో వివరాలు రాసుకోవడానికి ‘బెక్స్ట్’ అనే భాగం ఉంటుంది. ఫైలు ఎక్కడికి పోయినా దాని వివరం దానితోపాటే పోవాలన్న ఉత్సాహంతో గాయకుడి పేరు, ఊరు అందులో తెలుగులో రాశాను. ఆ భాగం ఆస్కీ అక్షరాలకే, అంటే ఇంగ్లీషు అక్షరాలకూ అంకెలకూ గుర్తులకూ మాత్రమే ఉద్దేశించినది. మర్నాడు తెరిస్తే పేరు చోట ప్రశ్నార్థకాల వరుస. ఆ తరువాత బెక్స్ట్‌లో ఫైలు గుర్తింపు సంఖ్య ఒక్కటే ఉంచి, తెలుగు వివరాన్ని, అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌ను మోయగల ఎక్స్ఎంఎల్ ఫైలుగా పక్కన పెట్టాం.

రెండోది ఫైలు పేర్లలో వచ్చింది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. పాత మ్యాక్ డిస్కు ‘మైసమ్మ కథ’ అన్న పేరును రెండు ముక్కలుగా దాచుకుంది, మా లినక్స్ సర్వరు ఒకటిగా చూసింది. చెక్‌సమ్ జాబితాతో సరిపోల్చినప్పుడు పేరులో ఐత్వం ఉన్న ఫైళ్లన్నీ పోయినట్టు నివేదిక వచ్చింది. ఒక పూట గుండె చేతిలో పట్టుకుని వెతికాం. అప్పటి నుంచి ఫైలు పేరు అంకెలే, తెలుగు శీర్షిక రికార్డులోనే.

ఫలించని రెండు ప్రయత్నాలు

రికార్డుల పని మొదలుపెట్టినప్పుడు నాకు తోచింది సూటి పరిష్కారం. మూడు రకాల వినియోగదారులున్నారు కనుక మూడు రికార్డులు రాద్దాం: పరిశోధకులకు ఒకటి, సాధారణ పాఠకులకు తేలిక తెలుగులో ఒకటి, గాయకుల కుటుంబాలకు పేర్ల ప్రకారం ఒకటి. ఎవరి భాషలో వారికి చెప్పడమే మర్యాద అనుకున్నాను. గ్రంథాలయంలో ఈ పని చేసేవాళ్లు ఇద్దరు. నాలుగు నెలలు తిరిగేసరికి ఒకే క్యాసెట్‌కు పరిశోధకుల రికార్డులో 1981, కుటుంబాల రికార్డులో 1980 అని ఉన్నాయి. ఒకచోట దిద్దినది మరోచోట దిద్దలేదు. ఏది సరైనదని అడిగితే దిద్దిన అమ్మాయికి కూడా గుర్తు లేదు. మూడు రికార్డులను కలిపి ఉంచే బాధ్యతను నేను మనుషుల జ్ఞాపకం మీద పెట్టాను. ప్రణాళిక కాగితం మీద బాగుందని దాన్ని ఒప్పుకోవడం నా తప్పు.

రెండో ప్రయత్నం వాట్సాప్. గాయకుల కుటుంబాల్లో చాలామంది ఫోనులో టైపు చేయరు, గొంతు సందేశాలు పంపుతారు. అందుకని చిన్న చిన్న శబ్ద ముక్కలను ఒక గ్రూపులో పెట్టి, ‘ఇది ఎవరి గొంతు?’ అని అడిగాం. మేం ఊహించినదానికన్నా ఎక్కువ స్పందన వచ్చింది. పట్టికలో ‘పార్టీ’గా మిగిలిపోయిన మనుషులకు పేర్లు వచ్చాయి. ప్రధాన గాయకుడని మేం రాసుకున్న ఒక గొంతు నిజానికి వంత పాడేవాడిదని, ఆ రోజు పెద్దాయనకు గొంతు పట్టేసిందని చెప్పినవారూ ఉన్నారు. కానీ ఒక గొంతు విషయంలో రెండు కుటుంబాలు రెండు పేర్లు చెప్పాయి. రెండూ గట్టిగానే చెప్పాయి. మా పట్టికలో ఒక పేరుకే చోటుంది. మా సిబ్బంది చివరగా వచ్చిన సందేశంలోని పేరు ఎక్కించారు. మొదటి కుటుంబం గ్రూపు వదిలి వెళ్లిపోయింది.

ఈ రెండు వైఫల్యాలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మూలం ఒక్కటే అనిపించింది. మా పట్టికకు జవాబులు తెలుసు, కానీ ఆ జవాబు ఎవరిచ్చారో తెలియదు. ‘1980’ అన్న అంకె అధ్యాపకుడు రాసినదా, పట్టిక నింపినవాళ్లు లెక్కగట్టినదా, నేను దిద్దినదా? గడి చెప్పదు.

పనికొచ్చిన పద్ధతి

అక్కడి నుంచి ఒకే రికార్డు, ప్రతి మాటకూ సాక్షి, అన్న నియమం పెట్టుకున్నాం. ప్రతి ముఖ్య వివరానికీ మూడు భాగాలు: రాసి ఉన్నది లేదా వినిపించినది ఉన్నదున్నట్టుగా, మేం తేల్చింది, అలా తేల్చడానికి ఆధారం ఏమిటి, ఎవరు, ఎప్పుడు చెప్పారు. మొదటి భాగాన్ని ఎవరూ దిద్దకూడదు, అక్షరదోషం ఉన్నా సరే. రెండో భాగం ఎన్నిసార్లయినా మారవచ్చు, పాతది చెరగదు. ఒక వివరానికి ఒకటికన్నా ఎక్కువ మాటలు ఉండవచ్చు. పరిశోధకుడికీ కుటుంబానికీ పాఠకుడికీ కనిపించే పేజీలు వేర్వేరుగానే ఉంటాయి, కానీ అవన్నీ ఈ ఒక్క రికార్డు నుంచి యంత్రం తయారుచేసేవే. మనిషి దిద్దేది ఒక్కచోటే.

తేదీలతో ఈ పద్ధతి విలువ తెలిసింది. 17వ క్యాసెట్‌లో అధ్యాపకుడు చెప్పింది ‘రౌద్రి నామ సంవత్సరం, మాఘ బహుళం’. పాత పట్టిక నింపినవారు రౌద్రి అంటే 1980 అని ఎక్కడో చూసి అదే వేశారు. రౌద్రి 1980 ఉగాదితో మొదలైన మాట నిజమే. కానీ మాఘం సంవత్సరం చివర్లో వస్తుంది, కనుక అది 1981 ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి మొదటి వారం లోపల పడాలి. ఇప్పుడు రికార్డులో ఆయన మాట అలాగే ఉంది. దాని కింద ఈడీటీఎఫ్ అనే తేదీల పద్ధతిలో 1981 ఫిబ్రవరి నుంచి మార్చి వరకు అన్న అవధి ఉంది. ఆ పద్ధతి 2019 నుంచి ఐఎస్ఓ 8601 ప్రమాణంలో భాగం, అనిశ్చితమైన తేదీనీ అవధినీ యంత్రానికి అర్థమయ్యేలా రాయడానికి వీలిస్తుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది గదా, రౌద్రి 1920 కాకూడదా, అని మా కుర్రవాడొకడు నవ్వుతూ అడిగాడు. క్యాసెట్‌ను ఫిలిప్స్ సంస్థ తెచ్చిందే 1963లో, కాబట్టి ఇక్కడ వస్తువే సాక్షి. అదే గ్రంథాలయంలోని పాత అచ్చు పుస్తకాల దగ్గర మాత్రం అంత సుఖం లేదు.

ఊళ్ల సంగతి ఇంకా మెలిక పడింది. నోటు పుస్తకంలో తాలూకాలున్నాయి, మండలాలు వచ్చింది 1985లో. 2014లో రాష్ట్రం రెండయింది, 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారాయి. జిల్లా పేరును స్థలానికి ఆధారం చేసుకుంటే ప్రతి పునర్విభజనకూ రికార్డులన్నీ అబద్ధమవుతాయి. కనుక నోటు పుస్తకంలో ఉన్న గ్రామం, తాలూకా అలాగే ఉంచి, కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఆ గ్రామానికి ఉన్న సంఖ్యను తగిలించాం. మునిగిపోయిన ఊరికి ఆ సంఖ్య దొరకలేదు. నిర్వాసితులు కట్టుకున్న కొత్త ఊరికి అదే పేరుంది, దానికి సంఖ్య ఉంది. పాత పట్టిక నింపినప్పుడు ఎవరో ఆ సంఖ్యను వాడి, రికార్డింగును కొత్త ఊరి ఖాతాలో, కొత్త మండలం పేరుతో వేశారు. పెద్దాయనకు దొరకనిది ఇందువల్లే. ఆయన అడిగింది పాత తాలూకాతో కలిపి. ఇప్పుడు పాత ఊరు తన అక్షాంశ రేఖాంశాలతో, ‘జలాశయంలో మునిగినది’ అన్న మాటతో వేరే స్థలంగా ఉంది, కొత్త ఊరితో ఒక లంకె ఉంది. ఆయన వచ్చి విన్నారు. పాట మొదలుకాక ముందు దూరంగా వినిపించే గిలక చప్పుడు ఏ బావిదో చెప్పారు. ఆ మాట కూడా ఆయన పేరుతో, నిమిషం సెకనుతో సహా రికార్డులోకి వెళ్లింది.

పేర్ల వెతుకులాటకు వేరే పరిష్కారం కావలసి వచ్చింది. టేపులో గాయకుడు తనను తాను ‘యెంకటయ్య’ అన్నాడు, నోటు పుస్తకంలో అధ్యాపకుడు దాన్ని ‘వేంకటయ్య’ అని సంస్కరించి రాశారు, పాత పట్టికలో ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, మనవరాలు కొట్టింది ‘వెంకటయ్య’ అని. నాలుగూ ఒకే మనిషి. ఏది ‘సరైన’ పేరని తేల్చే పని పెట్టుకోకుండా, నాలుగింటినీ ఒక వ్యక్తి సంఖ్య కింద చేర్చి, ఏ రూపం ఎక్కడిదో రాశాం. కొత్తగా వచ్చే రూపాల కోసం సెర్చ్ లోపల రాతలోని తేడాలు తీసేసి పోల్చుకునే ఒక తాళంచెవి రూపాన్ని తయారుచేశాం: అక్షరాలను కలిపే, విడదీసే, కంటికి కనిపించని జాయినర్ సంకేతాలు, అరసున్నలు తీసేయడం, బండి ఱను ర చేయడం, ఖ, ఘ వంటి ఒత్తక్షరాన్ని దాని తేలిక అక్షరంతో సమానం చేయడం, మొదటి ‘యె’, ‘వె’లను కలపడం. మొదట్లో ఉత్సాహం ఎక్కువై ల, ళలను కూడా కలిపాను, శీర్షికల్లో కల కోసం వెతికితే కళ, వేల కోసం వెతికితే వేళ వచ్చాయి. ఇప్పుడు ఆ కలయికను మనుషుల పేర్లకూ ఊళ్ల పేర్లకూ మాత్రమే ఉంచాం.

వీటికి ముందు చేయవలసిన పని ఒకటుంది, అది దేన్ని ‘ఒకటి’గా లెక్కించాలన్నది. గ్రంథాలయానికి ఒకటంటే ఒక క్యాసెట్. పరిశోధకుడికి ఒకటంటే ఒక కథ, అది నాలుగు క్యాసెట్ల మీద సాగవచ్చు, ఒక క్యాసెట్ రెండో వైపున సగంలో మొదలవవచ్చు. కుటుంబానికి ఒకటంటే ఒక గొంతు. అమెరికా ప్రజా ప్రసార సంస్థలు వాడే పీబీకోర్ పద్ధతిలో రచననూ దాని భౌతిక రూపాలనూ వేరుచేసి రాస్తారు. ఆ ఆలోచనను తీసుకుని క్యాసెట్, ప్రదర్శన, అందులోని ఖండం అని మూడు అంతస్తులు పెట్టాం. గాయకుడు, వంత, వాద్యం ఖండానికి చెందుతాయి. అధ్యాపకుడి పేరు ‘రికార్డు చేసినవారు’ అన్న పాత్రతో క్యాసెట్ దగ్గర ఉంటుంది. సృష్టికర్త గాయకుడే. ఇది ఉదారత కోసం చేసినది కాదు. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ, ప్రదర్శకుడికి తన ప్రదర్శనతో తన పేరు చెప్పించుకునే హక్కును కూడా గుర్తించింది.

కులం పేరు, వంశావళి

నోటు పుస్తకాల్లోనూ పెట్టెల మీదా ఈ గాయకుల కులం ‘పిచ్చిగుంట్ల’ అనే ఉంది. 1995లో ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితాలో ఆ పేరు తీసేసి ‘వంశరాజ్’ అని పెట్టింది. పరిశోధక గ్రంథాల్లో పాత పేరే విస్తారంగా ఉంది కనుక వెతికేవాళ్లు దాంతోనే వెతుకుతారు. గాయకుల పిల్లలకు మాత్రం అది తిట్టు. పాత పేరును పూర్తిగా చెరిపేయాలని నేను దాదాపు నిర్ణయించుకున్నాను. కుటుంబాలతో కూర్చున్నప్పుడు ఒక యువకుడు కూడా అదే అన్నాడు. ఒక పెద్దామె ఒప్పుకోలేదు. ‘ఆ పేరు పెట్టి పిలిచిన్రు, ఆ పేరుతోనే పడ్డం. కాయితం మీదికెల్లి తీసేస్తే మేం పడ్డదేడికి పోతది?’ అంది. ఆ తరువాత మా నిర్ణయం ఇలా తేలింది: మేం రాసే ప్రతి చోటా వంశరాజ్, మూలంలో ఉన్నదున్నట్టు భాగంలో పాత పేరు, దాని పక్కన 1995 మార్పు గురించి ఒక వాక్యం. సాధారణ పేజీలో పాత పేరు కనిపించదు. అయినా ఎవరైనా దాంతో వెతికితే ఫలితాలు వస్తాయి, పైన వంశరాజ్ అన్న శీర్షికతో. ఇది అందరికీ నచ్చిందని చెప్పలేను. ఆ యువకుడు ఇప్పటికీ ఒప్పుకోలేదు, అతని అభ్యంతరం రికార్డులోనే ఉంది.

వంశావళుల దగ్గర నేను చేసిన తప్పు ఇంకా పెద్దది. ఈ గాయకులకు ఫలానా ఊళ్లలో ఫలానా ఇంటిపేర్ల వాళ్ల వంశం చెప్పే హక్కు మిరాశీగా, అంటే వంశపారంపర్యంగా వస్తుంది. చెప్పినందుకు ఆ కుటుంబాలు ఇచ్చుకునేదే వాళ్ల జీవనం. ఆ పాఠం అందరికీ దొరికితే వాళ్లను పిలిచే అవసరం ఏముంటుంది? పైగా దత్తతలూ మారు మనువులూ కూడా ఆ పాఠాల్లో వస్తాయి, ఆ కుటుంబాల వాళ్లు బతికే ఉన్నారు. అందుకని వంశావళులు బయటికి వినిపించకూడదని మొదటే అనుకున్నాం. కానీ ఆ నియమాన్ని క్యాసెట్ అంతస్తులో రాశాను. ఒక క్యాసెట్ మొదటి వైపు వీరగాథ, రెండో వైపు మధ్యలో పావుగంట వంశావళి. పెట్టె మీద వీరగాథ అని ఉంది గనుక దాన్ని తెరిచి ఉంచాం. తొమ్మిది రోజులు అది బయట ఉంది. గాయకుడి కొడుకు ఫోను చేసి, ‘మా ఇంటి బువ్వను బజాట్ల పెట్టిన్రు సారు’ అన్నాడు. అదే గంటలో తీసేశాం. ఆ రోజు నుంచి అనుమతి ఖండానికి ఖండంగా రాస్తున్నాం. పూర్తిగా విని ఖండాలుగా విడగొట్టనిదే ఏ క్యాసెట్టూ తెరుచుకోదు.

అనుమతులను ఏ మాటల్లో రాయాలన్నదానికి లోకల్ కాంటెక్స్ట్స్ సంస్థ రూపొందించిన సంప్రదాయ జ్ఞాన లేబుళ్లు దారి చూపాయి. అవి చట్టపరమైన లైసెన్సులు కావు, ఈ పాటను ఎప్పుడు, ఎవరు, ఎలా వినాలో ఆ సమూహమే చెప్పే మాటలు. ఆస్ట్రేలియాలోని వారుముంగు ప్రజల అవసరాల నుంచి పుట్టిన, సేకరణలను నిర్వహించే ముకుర్తు సాఫ్ట్‌వేర్‌ను కూడా పరిశీలించాం, ఇద్దరు సిబ్బందితో దాన్ని నడపలేమని విరమించుకున్నాం. దాని నుంచి తీసుకున్నది ఆలోచన ఒక్కటే. ఇప్పుడు వంశావళి ఖండానికి రికార్డులో ఊరు, గాయకుడు, తేదీ, నిడివి కనిపిస్తాయి. అది ఎవరి వంశమన్నది కనిపించదు. వినాలంటే గాయకుడి కుటుంబాన్ని అడగాలి, వాళ్ల ఫోను నంబరు గ్రంథాలయం దగ్గర ఉంటుంది. ఇద్దరు ముగ్గురు రైతు కుటుంబాల వాళ్లు ఇలా అడిగి వచ్చారు, విన్న తరువాత గాయకుడి కొడుకును ఇంటికి పిలిపించుకుని చెప్పించుకున్నారు.

ఈ పనిలో నా అంచనాలు ఎక్కువగా తప్పింది సమయం దగ్గర. గంట క్యాసెట్‌ను విని, ఖండాలు చేసి, ప్రతి మాటకూ సాక్షి రాయడానికి ఒక మనిషికి ఒక పూర్తి రోజు చాలదు. ఇంకెవరైనా ఇటువంటి పని తలపెడితే, సేకరణ మొత్తానికి పలుచని రికార్డులు రాసి ఆపేయడం కన్నా, కుటుంబాలు అడుగుతున్న క్యాసెట్ల నుంచి మొదలుపెట్టి లోతుగా పోవడమే మేలని నా అభిప్రాయం. మిగతావాటికి సంఖ్య, చెక్‌సమ్, పెట్టె మీది రాత ఫోటో ఉంటే ప్రస్తుతానికి చాలు. వాటిని మేం ఇంకా బయటివారు వినడానికి తెరవలేదు.

మూడో నోటు పుస్తకంలోని గుర్తులు ఇప్పటికీ విడిపోలేదు. రెండు కుటుంబాలు పోటీపడిన గొంతు దగ్గర రెండు పేర్లూ ఉన్నాయి, ఎవరు ఏ తేదీన ఏ ఆధారంతో చెప్పారో సహా. గ్రూపు వదిలి వెళ్లిన కుటుంబం నుంచి ఈ మధ్య ఒక పెద్దాయన వచ్చి కూర్చుని క్యాసెట్ మొత్తం విన్నారు. తన అన్న గొంతే అన్నారు, కాసేపు ఆగి, ఆ రోజుల్లో అన్న దగ్గర నేర్చుకుంటున్న శిష్యుడు కూడా అచ్చం అలాగే పాడేవాడని చెప్పారు. ఆ శిష్యుడు రెండో కుటుంబం మనిషి. ఆ మాటను కూడా ఆయన పేరు మీద రాసుకున్నాం.